ఎర్రమంజిల్‌లో దిగితే ఎడారి దేవతలు

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్ మీటింగ్‌కి ఒక ఫాంటసీ కథ రాసి తీసుకొచ్చా. ఎడారిలో ఒక నాగరికత, వాళ్ళకి పదకొండు మంది దేవుళ్ళు. సూర్యుడికొకడు, ఇసుకకొకడు, తుఫానుకొకడు, యుద్ధానికి ఇద్దరు... పేర్ల కోసమే రెండు రాత్రులు కూర్చున్నా. చదవడం అయ్యాక ఒక సీనియర్ అన్న ఒకటే అడిగాడు: "అంతా బానే ఉంది గానీ తమ్ముడూ, ఈ పదకొండు మందిలో నీళ్ళిచ్చేదెవరు?"

నా దగ్గర జవాబు లేదు. ఎడారి జనాన్ని సృష్టించి నీళ్ళ దేవుణ్ణే మర్చిపోయా! అందరూ నవ్వారు. పైకి నేనూ నవ్వా. కానీ అసలు ఎడారి కథల్లో దేవుళ్ళు ఎలా ఉంటారా అని ఆ రోజు నుంచి చదవడం మొదలుపెట్టా. చదువుతూ చదువుతూ ఎక్కడ తేలానో తెలుసా? నేను రోజూ దిగే ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్‌లో.

ఎర్రనా, ఇరమా?

స్టేషన్ బోర్డు మీద ఇంగ్లిష్‌లో చూడండి, "ఎర్ర" అని ఉండదు, "ఇర్రం" అని ఉంటుంది. ఎందుకంటే ఇక్కడి గుట్ట మీద నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించుకున్న ప్యాలెస్ పేరు ఇరం మంజిల్. ఆ గుట్టని జనం ఎర్రగడ్డ అనేవాళ్ళట. తెలుగు 'ఎర్ర'కి దగ్గరగా వినిపించేలా నవాబు గారు 'ఇరం' అనే మాట ఎంచుకున్నారని చెప్పుకుంటారు. ఫారసీ, ఉర్దూ కవిత్వంలో ఇరం అంటే స్వర్గంలాంటి తోట. జనం నోట్లో అది మళ్ళీ ఎర్రమంజిల్ అయిపోయింది. 2019లో కొత్త అసెంబ్లీ కోసం ఈ భవనాన్ని కూల్చాలనుకుంటే, ఆ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది కూడా.

అయితే ఈ ఇరం మొదట తోట కాదు. ఎడారిలో మాయమైపోయిన ఒక నగరం!

ఆద్ జాతి కథ

ఖురాన్ 89వ సూరాలో ఆద్ అనే జాతి, పెద్ద పెద్ద స్తంభాల ఇరం ప్రస్తావన వస్తుంది. వాళ్ళ దగ్గరికి వచ్చిన ప్రవక్త హూద్. ఒక్క దేవుణ్ణే కొలవమని ఆయన చెప్తే వాళ్ళు వినలేదు. ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్ళు వీచిన గాలికి తుడిచిపెట్టుకుపోయారు.

ముస్లింలకి ఇది పవిత్ర గ్రంథంలోని విషయం. కానీ గ్రంథంలో ఉన్నది కొద్దిగానే. మిగతాదంతా తర్వాతి కథకులు అల్లుకుంటూ పోయారు. షద్దాద్ అనే రాజు భూమ్మీదే స్వర్గం కడతానని బంగారం, రత్నాలతో ఇరం కట్టించాడట. తీరా చూడ్డానికి బయల్దేరితే, ఇంకా దారిలో ఉండగానే అంతా నాశనమైపోయిందట. ఈ కథ 'వెయ్యిన్నొక్క రాత్రులు'లోనూ ఉంది. మన హారర్ బ్యాచ్‌కి ఇష్టమైన లవ్‌క్రాఫ్ట్ 1921లో రాసిన 'ద నేమ్‌లెస్ సిటీ'లోనూ ఈ నగరం పేరు వస్తుంది. అంటే ఇన్ని వందల ఏళ్ళుగా జనం కలిసి కట్టుకుంటూ వచ్చిన ఊహా నగరం ఇది. నాలాంటి వాళ్ళకి టెక్స్ట్‌బుక్ అన్నమాట.

నలుగురు దేవతలు, నాలుగు అవసరాలు

ఆద్ వాళ్ళు ఎవర్ని కొలిచేవాళ్ళు? ఖురాన్‌లో ఆ పేర్లు లేవు. చరిత్రకారుడు తబరీ సదా, సమూద్, హబా అని మూడు విగ్రహాల పేర్లు చెప్తాడు. ఇంకో సంప్రదాయంలో నాలుగు పేర్లున్నాయి. 1734లో ఖురాన్‌ని ఇంగ్లిష్‌లోకి అనువదించిన జార్జ్ సేల్ తన నోట్స్‌లో వాటిని ఇచ్చాడు. సాఖియా వానలిస్తుంది. హాఫిజా ప్రయాణాల్లో కాపాడుతుంది. రాజికా తిండి పెడుతుంది. సాలిమా రోగం తగ్గిస్తుంది.

ఈ పేర్లు ఎక్కడో విన్నట్టు లేవూ? మనం హైదరాబాద్‌లో ఉన్నాం కాబట్టి వినే ఉంటాం. సాఖియా మూలమే గజల్స్‌లో గిన్నె అందించే 'సాఖీ'. హాఫిజా మూలం 'ఖుదా హాఫిజ్'. రాజికా మూలం 'రజాక్' అనే పేరు. సాలిమా మూలం 'సలాం'. హూద్ చెప్పింది కూడా ఇదే: ఈ పనులన్నీ నలుగురివి కావు, ఒక్కడివే అని.

నన్ను ఆపేసింది మాత్రం ఆ లిస్టు. వాన, దారి, తిండి, ఆరోగ్యం. సూర్యుడు లేడు, యుద్ధం లేదు. ఎడారిలో మనిషి ఏ నాలుగు కారణాలతో చచ్చిపోతాడో అవే నలుగురు దేవతలయ్యారు. ఒక జాతి దేవుళ్ళ లిస్టంటే వాళ్ళ భయాల లిస్టే! నా పదకొండు మంది ఎందుకు ఫెయిలయ్యారో అప్పుడర్థమైంది. వాళ్ళకి పేర్లున్నాయి గానీ, వాళ్ళు లేకపోతే ఎవరికీ ఏమీ కాదు.

నల్ల మబ్బు

అసలు దెబ్బ ఇక్కడుంది. తబరీ లాంటి వాళ్ళు చెప్పిన కథలో ఆద్ దేశానికి మూడేళ్ళు కరువొస్తుంది. వాన కోసం ప్రార్థించమని కొందర్ని మక్కాకి పంపిస్తారు. వీళ్ళు అక్కడికెళ్ళి ఒక నెల పాటు మద్యం, పాటల్లో పడి వచ్చిన పనే మర్చిపోతారు. ఇంటి దగ్గర జనం గొంతులెండి చస్తుంటే! చివరికి ప్రార్థిస్తే మూడు మబ్బులొస్తాయి: తెల్లది, ఎర్రది, నల్లది. ఒకటి ఎంచుకోమంటే వాళ్ళ నాయకుడు నల్లదాన్ని ఎంచుకుంటాడు. నీళ్ళు ఎక్కువుండేది దాన్లోనే కదా!

ఆ మబ్బు తమ వైపొస్తుంటే ఆద్ జనం సంబరపడ్డారు. కానీ దాన్లో ఉన్నది వాన కాదు, ఆ గాలి.

మన ఊరికీ ఇలాంటి భయం కొత్త కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని మింగేసింది. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పూజ చేసి నదిని శాంతింపజేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. వానకోసం ఎదురుచూసే జనమే వానకి భయపడతారు కూడా. అడిగింది ఇవ్వడం, అడిగినదాంతోనే ముంచడం... రెండూ చేయగలిగితేనే ఆ దేవతంటే నిజంగా భక్తి, భయం పుడతాయి.

బావిలో అమ్మవారు

మనది ఎడారి కాదు. కానీ చెరువులు తవ్వుకుని, వాన కోసం ఆకాశం చూస్తూ బతికిన మెట్టనేల. అందుకే ఆ నాలుగు అవసరాలకీ మన దగ్గర కూడా అమ్మవార్లున్నారు. ఎర్రమంజిల్ నుంచి అమీర్‌పేట దాటితే బల్కంపేట ఎల్లమ్మ గుడి. అక్కడ మూలవిగ్రహం గోపురం కింద గద్దె మీద ఉండదు. నేలమట్టానికి దాదాపు 10 అడుగుల కింద, బావిలో, పడుకుని ఉంటుంది. ఆ బావి నీళ్ళే తీర్థం. చెరువు గట్టు తెగకుండా చూసేది కట్టమైసమ్మ. హుస్సేన్‌సాగర్ దిగువన లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఆమె గుడి ఉంది. ఒకప్పుడు మశూచి వస్తే పోచమ్మకి మొక్కేవాళ్ళు. దారిలో కాపాడ్డానికి పొలిమేర దేవతలుండనే ఉన్నారు.

తిండి దగ్గర మాత్రం మనవాళ్ళు సీను తిరగేశారు. రాజికా జనానికి అన్నం పెడుతుంది. ఇక్కడ జనమే అమ్మకి అన్నం పెడతారు. బోనం అంటే భోజనమే కదా!

ఇంకో చిన్న సంగతి. 1990ల మొదట్లో ఒమన్‌లోని షిస్ర్ దగ్గర పాత కోట ఒకటి బయటపడితే, అదే ఇరం అని పత్రికలు రాశాయి. చాలామంది పరిశోధకులు ఒప్పుకోలేదు. అది ఇరం అయినా కాకపోయినా, ఆ కోటలో కొంత భాగం కింద నీళ్ళున్న సున్నపురాయి బిలంలోకి కూలిపోయి ఉంది. బావి చుట్టూ కట్టుకున్న కోట చివరికి ఆ గుంటలోకే పోయింది.

మరి నా కథ?

తిరగరాశా. పదకొండు మందిలో ఎనిమిది మందిని తీసేశా. మిగిలిన ముగ్గురిలో ఒకామె ఎండిపోయిన బావి అడుగున పడుకుని ఉంటుంది. జనం రోజూ వచ్చి ఆమెని నీళ్ళడుగుతారు. మరీ గట్టిగా అడగడానికి మాత్రం భయపడతారు.

మీలో ఎవరైనా కొత్త ప్రపంచం కడుతుంటే, పేర్ల దగ్గర మొదలుపెట్టకండి. అక్కడి జనానికి రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఏంటో ముందు రాసుకోండి. దేవుళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

వచ్చే మీటింగ్‌లో చదువుతా. అన్నా, నీళ్ళిచ్చేదెవరో ఈసారి రాశాను. మబ్బు ఏ రంగుదో మాత్రం చివరి పేజీ దాకా చెప్పను.