తెర వెనుక రిఫరీ: ఆన్‌లైన్ వీడియో ఆటల పోటీలలో నియమములు, శిక్షలు

కబడ్డీ ఆటలో కూతకు వెళ్ళినవాని ఊపిరి తెగినదో లేదో రిఫరీ ప్రక్కనే నిలిచి చెవితో వినును. కాలు గీత దాటినదో లేదో కంటితో చూచును. అనుమానము కలిగినచో ఈల ఊది ఆట నాపును. ఆటగాడు, ఆటస్థలము, రిఫరీ ఒక్కచోటనే ఉండుట వలన ఇది సాధ్యమగుచున్నది. కాని ఆటగాండ్రు పదిమందియు పది ఊళ్ళలో తమ తమ ఇండ్లయందు కూర్చుండి, కంప్యూటరు తెరమీద మాత్రమే ఒకరినొకరు ఎదుర్కొను ఆటలో రిఫరీ దేనిని చూడవలెను? దేనిని విని తీర్పు చెప్పవలెను?

ఆన్‌లైన్ వీడియో ఆటల పోటీలకు నియమావళిని వ్రాయువారు మొదట ఎదుర్కొను ప్రశ్న ఇదియే. రెండవ ప్రశ్న ఇంతకంటె కష్టమైనది. తప్పు రుజువైన పిమ్మట శిక్ష ఎంత ఉండవలెను? ఈ పోటీలలో పాల్గొనువారిలో పెక్కుమంది ఇరువది ఏండ్ల లోపువారు. బహుమతుల మొత్తములు మాత్రము చిన్నవి కావు. శిక్ష తేలికయైనచో నిజాయితీగా ఆడినవారికి అన్యాయము జరుగును. శిక్ష మితిమీరినచో బాల్యములో చేసిన ఒక్క తప్పుతో ఒకరి జీవనమార్గము మూసికొనిపోవును.

ఆటస్థలము ఎక్కడ ఉన్నది?

ఉదాహరణకు ‘కౌంటర్-స్ట్రైక్’ అను ఆటను తీసికొనవచ్చును. జట్టునకు ఐదుగురు చొప్పున రెండు జట్లు ఆడును. ఆట అసలు జరుగునది ఆటగాండ్ర కంప్యూటర్లలో కాదు. సర్వరు అను మరియొక కంప్యూటరులో. ఆటగాడు మీట నొక్కగానే ఆ సమాచారము సర్వరునకు చేరును. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరి గురి ఎవరికి తగిలినది అను విషయములను సర్వరు లెక్కించి అందరికిని తెలియజేయును. 2023 వరకు పెద్ద పోటీలలో ఈ లెక్క సెకనునకు 128 మారులు జరుగునట్లు ఏర్పాటు చేసెడివారు. అనగా ఒక లెక్కకును మరియొక లెక్కకును నడుమ కాలము ఎనిమిది మిల్లీసెకనుల కంటె తక్కువ.

ఇచ్చట ప్రకృతియే ఒక హద్దును విధించుచున్నది. గాజు తంతువులో కాంతి సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణము చేయును. లండను, న్యూయార్కు నగరముల మధ్య దూరము సుమారు 5,600 కిలోమీటర్లు. తంతువు తిన్నగా వేయబడినదని అనుకొన్నను, సమాచారము పోయి వచ్చుటకు 56 మిల్లీసెకనులు పట్టును. కంటికి కనబడిన దానికి మనుష్యుని చేయి స్పందించుటకు సుమారు 200 మిల్లీసెకనులు పట్టును గదా! కావున సర్వరు లండనులో ఉన్నచో న్యూయార్కు ఆటగాడు, ఎంత నేర్పరియైనను, తన స్పందనకాలములో నాలుగవ వంతునకు మించిన కాలమును ముందుగానే కోల్పోవును. అందువలననే సర్వరు ఏ నగరములో ఉండవలెనో ముందుగా నిర్ణయించుట నియమావళిలో ముఖ్యాంశము. అది క్రికెట్టులో పిచ్‌ను సమముగా ఉంచుట వంటిది.

ఆట నడుమ ఒకరి ఇంటర్నెట్టు తెగిపోయినచో ఏమి చేయవలెను? పెక్కు పోటీలలో ఆ రౌండులో ఎవరికిని దెబ్బ తగులక మునుపే తెగినచో రౌండును మరల ఆడింతురు. దెబ్బ తగిలిన పిమ్మట తెగినచో రౌండు సాగిపోవును. లేనిచో ఓడిపోవుచున్న ఆటగాడు తీగను లాగివేసి, ‘ఇంటర్నెట్టు పోయినది’ అని చెప్పి తప్పించుకొనగలడు.

మోసము ఎట్లు జరుగును?

మోసములలో మొదటి రకము సాఫ్ట్‌వేరు సహాయము. ‘ఎయిమ్‌బాట్’ అను ప్రోగ్రాము ఆటగాని బదులు తానే గురిని శత్రువు మీదికి త్రిప్పును. ‘వాల్‌హ్యాక్’ అనునది గోడ వెనుకనున్న శత్రువును తెరమీద చూపును. గోడ వెనుకనున్నవాడు కనబడుట ఎట్లు సాధ్యము? శత్రువు మలుపు తిరిగి ఎదుటికి వచ్చిన క్షణమున అతనిని ఆలస్యము లేకుండ తెరమీద చూపవలెనన్నచో, అతని స్థానము ఆటగాని కంప్యూటరునకు కొంత ముందుగానే తెలిసియుండవలెను. ఆ రహస్యము కంప్యూటరు జ్ఞాపకములో ఉండును. మోసపు ప్రోగ్రాము దానిని చదివి బయట పెట్టును. దీనికి విరుగుడుగా, అవసరము లేనంతవరకు శత్రువు స్థానమును పంపకుండ సర్వరే దాచియుంచు పద్ధతిని కొన్ని ఆటలలో ప్రవేశపెట్టిరి.

ఇట్టి ప్రోగ్రాములను పట్టుటకు వాల్వ్ అను అమెరికా సంస్థ 2002లో ‘వ్యాక్’ అను ఏర్పాటును ప్రారంభించినది. ఇది మోసపు ప్రోగ్రాము జాడ కనబడిన వెంటనే ఆటగానిని వెలివేయక, కొంతకాలము ఆగి అనేకులను ఒక్కసారి వెలివేయును. వెంటనే వెలివేసినచో, తన ప్రోగ్రాములోని ఏ భాగము పట్టుబడినదో దాని రచయిత సులభముగా గ్రహించి సరిచేసికొనును. ఆలస్యమైనచో అతనికి ఆ గుట్టు చిక్కదు.

సాఫ్ట్‌వేరు ఎంత నేర్పుగా కాపలా కాసినను మనుష్యుని కన్ను అవసరమే. 2018 అక్టోబరులో చైనాలోని షాంఘై నగరమున జరిగిన ఆసియా స్థాయి పోటీలో ‘ఆప్టిక్ ఇండియా’ అను భారతీయ జట్టు పాల్గొనినది. ఆట నడుమ అనుమానము కలిగి నిర్వాహకులు ఒక ఆటగాని కంప్యూటరును పరీక్షింపబోగా అతడు ఒక ఫైలును తొలగించుటకు ప్రయత్నించెను. అది ‘వర్డ్’ అను మామూలు పేరు తగిలించుకొనిన మోసపు ప్రోగ్రాము. జట్టు పోటీనుండి తొలగింపబడినది, తరువాత రద్దయినది. ఆ ఆటగానికి ఐదేండ్ల నిషేధము పడినది. తప్పు చేసినవాడు ఒకడు. అవకాశమును కోల్పోయినవారు ఐదుగురు.

రెండవ రకము సమాచార చౌర్యము. పోటీని ప్రసారము చేయునపుడు ప్రేక్షకులకు రెండు జట్ల స్థానములును కనబడును. ఆటగాడు ప్రక్కన మరియొక తెర పెట్టుకొని ఆ ప్రసారమును చూచినచో పేకాటలో ఎదుటివాని ముక్కలను చూచినట్లే. అందుచేత ప్రసారమును కొన్ని నిమిషములు ఆలస్యముగా ఇచ్చు పద్ధతి ఏర్పడినది. మూడవ రకము ముందుగా ఒప్పందము చేసికొని ఓడిపోవుట. దీని వెనుక సాధారణముగా పందెపు డబ్బు ఉండును.

ముప్పది ఏడుగురు శిక్షకులు

తప్పునకు తగినట్లు శిక్షను తూచుట ఎట్లో 2020లో జరిగిన ఒక వ్యవహారము చక్కగా తెలుపును. కౌంటర్-స్ట్రైక్ జట్లకు శిక్షకులు ఉందురు. శిక్షకుడు సర్వరులో ప్రవేశించి తన ఆటగాండ్రు చూచుచున్న దానినే చూడవలెను. అంతకు మించి చూడరాదు. కాని ఆట సాఫ్ట్‌వేరులోని ఒక లోపము వలన కొన్ని సందర్భములలో శిక్షకుని దృష్టి ఆటస్థలములో ఏదో ఒకచోట నిలిచిపోయెడిది. అచ్చటినుండి ఎదుటి జట్టు కదలికలు అతనికి కనబడెడివి.

ఆ సంవత్సరము కరోనా వ్యాధి కారణముగా పోటీలు ఆన్‌లైన్‌లో జరుగుచుండెను. మిహావ్ స్లోవిన్స్కి అను పోటీ నిర్వాహకుడు పాత ఆటల రికార్డులను వెదకి ఈ సంగతిని బయట పెట్టెను. ఈ రికార్డు మామూలు చలనచిత్రము కాదు. సర్వరు వేసిన లెక్కలన్నియు అందులో భద్రముగా ఉండును. ఏ క్షణమున ఎవరి దృష్టి ఎచ్చట నిలిచినదో ఏండ్ల తరువాతనైనను తిరిగి చూడవచ్చును. రిఫరీ లేని గదిలో సర్వరు దినచర్యయే సాక్షి అయినది.

ఆగస్టు నెలలో మొదట ముగ్గురు శిక్షకులపై నిషేధము ప్రకటింపబడినది. పిమ్మట విచారణను 2016లో స్థాపితమైన ‘ఎస్పోర్ట్స్ ఇంటెగ్రిటీ కమిషన్’ చేపట్టినది. ఈ సంస్థ పోటీలను నడుపదు. పోటీలలోని అవినీతిని విచారించును. ఇంతకుముందు ఈ లోపమును వాడుకొనినవారు తమంతట తాము ఒప్పుకొనుటకు కమిషను కొన్ని దినముల గడువు ఇచ్చెను. సెప్టెంబరు చివర వెలువడిన తీర్పులో 37 మంది శిక్షకులకు నిషేధము పడినది.

ఈ 37 మందికిని ఒకే శిక్ష పడలేదు. కొందరికి కొద్ది నెలలు మాత్రమే. అత్యధికముగా 36 నెలలు. లోపము ఎన్ని రౌండ్లపాటు, ఎన్ని ఆటలలో సాగినదను దానినిబట్టి మొదటి శిక్షను లెక్కించిరి. తానుగా ఒప్పుకొనినవానికి, విచారణకు సహాయపడినవానికి అందులో కొంత తగ్గించిరి. ఈ తగ్గింపు దయ మాత్రమే కాదు. సాక్ష్యము దొరకుట కష్టమైన చోట ఒప్పుకోలు విచారణకు ఎంతో విలువైనది. ఒప్పుకొనినను ఒప్పుకొనకున్నను శిక్ష ఒక్కటే అయినచో నోరు విప్పువా రెవరు?

తప్పునకు కారణమైన లోపమునుగూడ విడిచిపెట్టలేదు. ఆట సాఫ్ట్‌వేరును సరిచేసిరి. 2021లో వాల్వ్ సంస్థ, తన అర్హత పోటీలు ఆన్‌లైన్‌లో జరుగునపుడు శిక్షకుడు ఆటగాండ్ర గదిలోగాని సర్వరులోగాని ఉండరాదని నియమించినది. శిక్ష తప్పు చేసినవానికి; నియమము రాబోవు తప్పునకు.

శిక్షల మెట్లు

సాధారణముగా ఈ పోటీలలో శిక్షలు మెట్లు మెట్లుగా ఉండును. దుర్భాషలాడిన ఆటగానికి మొదట హెచ్చరిక. మరల చేసినచో బహుమతిలో కోత. నిర్ణీత సమయమునకు రాని జట్టునకు కొన్ని నిమిషముల గడువు. అదియు దాటినచో ఆ ఆటలో ఓటమి. తన పేరుతో మరియొకనిచే ఆడించినచో పోటీనుండి తొలగింపు. మోసపు ప్రోగ్రాము వాడినవానికి కమిషను నియమావళి ప్రకారము ఫలితములు రద్దగును, బహుమతి పోవును. ఆపైన రెండేండ్లు మొదలు జీవితకాలము వరకు నిషేధము. ఈ రెంటి నడుమ శిక్షను నిర్ణయించునపుడు ఆటగాని వయస్సు, పోటీ స్థాయి లెక్కలోనికి వచ్చును.

వయస్సు ఎందులకు? 2014లో అమెరికాలో రెండు కౌంటర్-స్ట్రైక్ జట్ల మధ్య జరిగిన ఒక ఆట ముందుగా కుదుర్చుకొనినదని తేలినది. 2015 జనవరిలో వాల్వ్ సంస్థ ఏడుగురిని తన పోటీలనుండి వెలివేసినది. 2016లో ఆ వెలి శాశ్వతమని ప్రకటించినది. వారిలో కొందరు ఇరువది ఏండ్ల ప్రాయమువారు. శాశ్వత నిషేధము న్యాయమా అను చర్చ ఏండ్ల తరబడి సాగినది. 2017లో ఇతర పోటీల నిర్వాహకులలో కొందరు వారికి మరల ప్రవేశము కల్పించిరి. వాల్వ్ తన పోటీల తలుపు తెరువలేదు. మోసపు ప్రోగ్రాముల విషయములో మాత్రము ఆ సంస్థయే 2021లో నియమమును సడలించినది. వ్యాక్ నిషేధము పడి ఐదేండ్లు గడచినవారు తన పోటీలలో ఆడవచ్చునని చెప్పినది. పదునాలుగేండ్ల వయస్సులో సరదాకు మోసపు ప్రోగ్రాము వాడిన బాలుడు ఇరువది ఏండ్లకు నిజాయితీగల నేర్పరి కావచ్చును గదా!

విచారణ, విన్నపము

యంత్రము ఇచ్చిన సూచనయే రుజువు కాదు. అతివేగముగా గురిపెట్టిన ఆటగాడు మోసగాడు కావచ్చును. అసాధారణ నేర్పరియు కావచ్చును. కావున మంచి నియమావళిలో మూడు అంశములు తప్పక ఉండవలెను: ఆరోపణ ఏమిటో ఆటగానికి తెలుపుట, అతని సమాధానమును వినుట, తీర్పుపై మరియొకరికి విన్నవించుకొను అవకాశము. నియమములు ఆట మొదలుకాక మునుపే వ్రాసి అందరికిని ఇవ్వవలెను. తప్పు జరిగిన తరువాత పుట్టిన నియమము, నియమము కాదు.

భారతదేశములో 2022 డిసెంబరులో ఈ-క్రీడలు కేంద్ర క్రీడా మంత్రిత్వశాఖ పరిధిలోనికి చేర్చబడినవి. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో వీటికి పతకములు లభించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టము ఈ-క్రీడను డబ్బు పందెపు ఆటనుండి వేరుచేసినది. పోటీలో చేరుటకు రుసుము, గెలిచినవానికి బహుమతి ఉండవచ్చును, పందెము కాయరాదు. డబ్బు పందెపు ఆటలను నడుపువారికి మూడేండ్ల వరకు కారాగారము, కోటి రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. పోటీ నియమావళి విధించు నిషేధము వేరు, చట్టము విధించు శిక్ష వేరు అని విద్యార్థులు గమనింపవలెను.

పాఠశాలలో ఇట్టి పోటీ జరుపదలచిన ఉపాధ్యాయులకు పెద్ద సాధనములు అక్కరలేదు. అందరిని ఒకే గదిలో కూర్చుండబెట్టుట, ఆటలను రికార్డు చేయుట, తప్పులను శిక్షలను ఒక్క కాగితముపై ముందుగా వ్రాసి గోడకు అంటించుట - ఇవి చాలును. ఆ కాగితమును విద్యార్థులచేతనే వ్రాయించినచో మరియు మంచిది. ఏ తప్పునకు ఎంత శిక్ష అని వాదించుకొనునపుడు, ఆ శిక్ష తమకే పడినచో ఎట్లుండునో వారు తప్పక ఆలోచింతురు.