పరిశోధనమున ప్రశ్నకు గల స్థానము

"నీ విషయమేది?" అని అడిగినచో పరిశోధక విద్యార్థి వెంటనే సమాధానము చెప్పును. "నీ ప్రశ్న యేది?" అని అడిగినచో తరచుగా మౌనము వహించును. విషయమును ప్రశ్నయు ఒకటి కావు. 'ప్రాచీనాంధ్ర శాసనభాష' అనునది విషయము. అందు తెలిసికొనదలచిన దేమో నిర్దేశించినగాని ప్రశ్న యేర్పడదు. ఈ భేదమును గుర్తింపక నేను నా సిద్ధాంతవ్యాసమునకై రెండేండ్లపాటు శాసనపదములను చీట్లపై వ్రాసికొంటిని. పెట్టెలు నిండినవి. కాని యొక పదము కనబడినపుడు దానిని గ్రహింపవలెనా, విడువవలెనా యని నిర్ణయించుటకు నాకడ కొలమానము లేకుండెను. ఆ కొలమానమే ప్రశ్న యని ఆలస్యముగా గ్రహించితిని.

మంచి ప్రశ్న యెట్లుండునో తెలిసికొనుటకు మన భాషాచరిత్రయందే ఉదాహరణ మున్నది. తెలుగు సంస్కృతజన్య మను అభిప్రాయము చిరకాలము ప్రబలియుండెను. తెలుగు కావ్యములలోని సంస్కృతపద బాహుళ్యమే దానికి ఆధారముగా చూపబడుచుండెను. 1816లో మద్రాసున ముద్రితమైన కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక పీఠికావ్యాసము చేర్చి, ఈ మతమును నిరాకరించెను. ఆయన నిర్ణయముకంటె ఆ నిర్ణయమునకు చేరిన మార్గము మనకు ముఖ్యము.

పదబాహుళ్యమునకు రెండు కారణము లుండవచ్చును. తెలుగు సంస్కృతమునుండి పుట్టియుండవచ్చును. లేదా వేరుగా పుట్టి పదములను ఎరువు తెచ్చుకొనియుండవచ్చును. కావ్యములలోని తత్సమములను ఎన్ని వేలు లెక్కించినను ఈ రెంటిలో నేది నిజమో తేలదు. ఏలయన అవి రెండు పక్షములకును సమానముగా అనుకూలించును. కావున ఏ స్థలమున ఈ రెండు పక్షములు భిన్నఫలముల నిచ్చునో ఆ స్థలమును వెదకవలెను. జన్యజనక సంబంధమే యున్నచో క్రియాధాతువులందును, నిత్యవ్యవహార పదములందును, వాక్యనిర్మాణమందును అది కనబడవలెను. ఎరువు మాత్రమే యైనచో ఈ మూలభాగము వేరుగా నిలువవలెను.

ఎల్లిస్ చేసిన దిదియే. సంస్కృత ధాతువులను, తెలుగు ధాతువులను ప్రక్కప్రక్కన నిలిపెను. పిదప తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పోల్చెను. మామిడి వెంకయ్య గ్రహించిన తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభాగమును ఆధారముగా గొని పదములను పరిశీలించెను. తుదకు వాక్యరచనను పోల్చెను. ఆ పద్ధతిని మనకు పరిచితములైన ధాతువులతో చూపవచ్చును. తెలుగున 'తిను', తమిళమున 'తిన్', కన్నడమున 'తిన్'. సంస్కృతమున 'అద్', 'భుజ్'. తెలుగున 'కను', తమిళ కన్నడములందు 'కాణ్', సంస్కృతమున 'దృశ్'. ఇట్టివి ఒకటి రెండైనచో యాదృచ్ఛికము లనవచ్చును. వరుసగా కనబడినపుడు వానికి హేతువు చెప్పక తప్పదు.

ఈ పరీక్షలోని బలమేమనగా, ఫలితము ఎల్లిస్‌కు ప్రతికూలముగా వచ్చుటకును అవకాశ ముండెను. తెలుగు ధాతువులు సంస్కృత ధాతువులతో క్రమముగా సరిపోయినచో ఆయన పక్షము పడిపోయెడిది. ఏ ఫలితము వచ్చినను చెడని సిద్ధాంతమును ఏ ఫలితమును బలపరుపజాలదు.

మంచి ప్రశ్న ఒక సమాధానముతో ఆగిపోదు. తమిళమున 'ఏఴు', 'కోఴి' అనువానికి తెలుగున 'ఏడు', 'కోడి' యనుచున్నాము. ఴకారమునకు డకారము వచ్చునని నియమము చేయవచ్చును. కాని తమిళ 'కీఴ్'కు 'క్రిందు', 'పొఴుదు'కు 'ప్రొద్దు' ఏర్పడినవి. ఇచట రేఫ మున్నది. అపవాదమని దీనిని త్రోసివేసినవాడు అచటనే నిలిచిపోవును. ఎందువలన నని అడిగినవానికి, ఆ వర్ణము ముందరి హల్లుతో కూడి సంయుక్తమైనచోట రేఫముగా మారినదను మరియొక నియమము దొరకును. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును, 1961లో బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును, ఆ యేటనే భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతు పరిశోధన గ్రంథమును వెలువడినవి. ఇవన్నియు ఇట్టి ప్రశ్నపరంపర ఫలములే.

కావున విద్యార్థి తన ప్రశ్నను నాలుగు విధముల పరీక్షించుకొనవలెను. అందలి పదములకు నిశ్చితార్థ మున్నదా? సమాధానము చెప్పగల ఆధారములు లభ్యములా? తనకున్న కాలములో వానిని పూర్తిగా చూడ శక్యమా? ఏది కనబడినచో తన యూహ తప్పని ఒప్పుకొనునో ముందుగా వ్రాసి పెట్టగలడా? 'శాసనభాషా వైభవము' ఈ పరీక్షలలో నిలువదు. 'కాలనిర్ణయమైన రాయలసీమ శాసనములలో ఴకారమునకు మారుగా డకారము మొదట నెచట, ఏ పదములందు కనబడుచున్నది?' అనునది నిలుచును. ఇది చిన్న ప్రశ్నయే. కాని దీనికి సమాధాన మున్నది. 'కనబడుట లేదు' అనునదియు ఇచట సమాధానమే యగును.

నా పాత చీట్లను తరువాత ఇట్టి ప్రశ్న యొకటి చేతబట్టుకొని తిరిగి చూచితిని. అధికభాగము పనికిరాలేదు, పలుచోట్ల శాసనకాలమును గుర్తించియుండలేదు. అది అవసరమని నాడు నాకు చెప్పు ప్రశ్న లేదు. ఆ రెండేండ్ల శ్రమ మన విద్యార్థులకు మరల కలుగకుండుటకే ఈ నాలుగు మాటలు వ్రాసితిని.