విధి కాదు, విధానం: రోడ్డు మరణాలను చదవడం గురించి

మూడేళ్ళ క్రితం మా పాఠశాల గోడపత్రికలో నేనొక స్మృతిగీతం రాశాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా విద్యార్థి ఒకడు బడికి వస్తూ, జాతీయ రహదారి దాటుతుండగా లారీ ఢీకొని చనిపోయాడు. ఆ గీతంలో నేను రోడ్డును యమపాశమన్నాను. లారీని మృత్యువు వాహనమన్నాను. పిల్లవాడి నుదుటిరాతను నిందించాను. చదివినవాళ్ళు కంటతడి పెట్టుకున్నారు. తరువాత వొక సాహిత్య సభలో చదివితే చప్పట్లు కూడా కొట్టారు. ఆ గీతం తప్పు అని వొప్పుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. తప్పు ఛందస్సులో లేదు, పదచిత్రాల్లో లేదు. కార్యకారణ సంబంధాన్ని గుర్తించడంలో వుంది. అభ్యుదయ రచయితనని చెప్పుకునేవాడికి అంతకంటే పెద్ద తప్పు వుండదు.

నా తప్పును నాకు మొదట చూపింది ఏ విమర్శకుడూ కాదు, ఆ పిల్లవాడి తల్లి. పరామర్శకు వెళ్ళినప్పుడు ఆమె నాతో, "సారూ, నా కొడుకు ఉరకలే. ఆగి, చూసే దాటిండు. మరి బడి ఆ దిక్కుంటే దాటక ఏం జేస్తడు?" అన్నది. అందులో విధి ప్రసక్తి లేదు. బడి ఎక్కడుంది, ఇల్లు ఎక్కడుంది, మధ్య ఏముంది అన్న ప్రశ్న వుంది. రహదారిని నాలుగు వరసలుగా వెడల్పు చేసినప్పుడు మా వూరు రెండు ముక్కలైంది. బడి వొక పక్క, ఇళ్ళు మరొక పక్క మిగిలాయి. రోడ్డు కిందనుంచి దాటే దారి కిలోమీటరుకు పైగా దూరంలో పెట్టారు. అంతకుముందు పొద్దున్నే వూళ్ళోకి వచ్చి, పిల్లలను బడిముందు దించే బస్సు నిలిచిపోయింది. కేసు కాగితాల్లో మాత్రం బాలుడు "అజాగ్రత్తగా" దాటాడని వుంది.

తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి గనుక నా దృష్టి ముందు మాటమీదికి పోయింది. ప్రమాదం అనే సంస్కృత పదానికి అసలు అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త. తెలుగులో అది ఆపదకూ, అనుకోకుండా జరిగే దుర్ఘటనకూ పేరైంది. కారణాన్ని చెప్పే మాట కాలక్రమంలో ఫలితాన్ని చెప్పే మాటగా మారింది. కేసు రాసినవారు పాత అర్థాన్ని తెచ్చి చనిపోయిన పిల్లవాడికి తగిలించారు. నేను కొత్త అర్థాన్ని తీసుకొని విధికి తగిలించాను. ఆ ఏమరుపాటు మరెవరిదైనా కావచ్చునేమోనని ఇద్దరమూ అడగలేదు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లోనే, ఇలాంటి గాయాలూ మరణాలూ చాలావరకు ముందుగా వూహించదగినవీ, నివారించదగినవీ కనుక "యాక్సిడెంట్" అన్న మాటను తన పేజీల్లో వాడబోనని ప్రకటించింది. వొక వైద్య పత్రిక పదప్రయోగం గురించి చూపిన ఆ పట్టింపు మాటలతోనే పనిచేసే మనం చూపలేకపోయాం.

మన వార్తల వాక్యాలను గమనించండి. "లారీ ఢీకొని విద్యార్థి మృతి", "బస్సు బోల్తా, పలువురికి గాయాలు". ఈ వాక్యాల్లో కర్తగా కనిపించేది వాహనం. రోడ్డును అలా గీసినవారు, బస్సును ఆపినవారు, బడిముందు వేగాన్ని తగ్గించనివారు వాక్యంలో ఎక్కడా కనిపించరు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్లమీద చనిపోయినవారు 1,68,491 మంది. అంటే రోజుకు సుమారు 460 మంది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలమీద వెళ్ళేవారు, 19 మందికి పైగా కాలినడకన వెళ్ళేవారు. ఈ రెండు రకాలవారే దాదాపు మూడింట రెండు వంతులు. విధికి వర్గభేదం లేదంటారు. మరి ఈ లెక్కలో ఇంత స్పష్టమైన వర్గభేదం ఎలా వచ్చింది?

తరువాత కొన్నాళ్ళకు వూరి పెద్దలతోపాటు నేనూ వొక కార్యాలయానికి వెళ్ళవలసివచ్చింది. రోడ్డు కిందనుంచి దాటే దారి బడికి దగ్గరగా కావాలని మా విజ్ఞప్తి. అక్కడ రోడ్డు నివేదికలో వొక పట్టికను చూపించారు. రోడ్డుమీద ఎంత రద్దీ వుందో లెక్కవేసే పట్టిక అది. జీవితంలో చాలా కావ్యాలు చదివాను గాని ఇంత అర్థవంతమైన పాఠం అరుదుగా చదివాను.

ఆ లెక్క ఎలా వేస్తారో చెబుతాను. రోడ్డుమీద రకరకాల వాహనాలు పోతాయి కనుక అన్నిటినీ వొకే కొలతలోకి మార్చాలి. ఆ కొలత పేరు ప్యాసెంజర్ కార్ యూనిట్. అంటే కారే కొలబద్ద. కారు 1 అయితే, అది ఆక్రమించే చోటునుబట్టి, ఇతరులకు కలిగించే ఆటంకాన్నిబట్టి మిగతావాటికి విలువలు కడతారు. గ్రామీణ రహదారులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన విలువల్లో సైకిలు సగం, బస్సు 3, ఎద్దుబండి 6 నుంచి 8. రైతు బండి ఎనిమిది కార్లతో సమానమని మురిసిపోకండి. అది ఎనిమిది కార్లంత అడ్డు అని దాని అర్థం. ఇక కాలినడకన పోయే మనిషికి ఆ పట్టికలో గడి లేదు. రోజూ రెండుసార్లు రోడ్డు దాటే మా పిల్లలెవరూ ఆ లెక్కలోకి రాలేదు. రోడ్డు వేసినవారికి మా పిల్లలమీద పగ వుందని నేననను. లెక్కలో లేనివాడికోసం దారి వుండదు. అంతే.

ఈ కొలత ఇంజనీరుకు అవసరమే. రోడ్డు ఎంత వెడల్పు వుండాలో తేల్చడానికి పనికొస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, రోడ్డు ఎవరికోసం అన్న ప్రశ్నకు కూడా దానితోనే జవాబు చెప్పినప్పుడు. ఆ పట్టిక పక్కన "మనుషులు" అని మరొక గడి చేర్చి చూడండి. 50 మందిని తీసుకుపోయే బస్సు 3 యూనిట్లు. ఆ 50 మందీ ఎవరి మోటారుసైకిలుమీద వారు వెళితే, బండికి అర యూనిటు చొప్పున 25 యూనిట్లు. ఎవరి కారులో వారు వెళితే 50 యూనిట్లు. మనుషుల గడి లేనప్పుడు బస్సు మూడు కార్లంత అడ్డు. మనుషుల గడి వున్నప్పుడు రోడ్డును అందరికంటే పొదుపుగా వాడుకునేది బస్సే. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా వాహనాలను కాదు, మనుషులను కదిలించడం ముఖ్యమని చెప్పింది. పత్రంలో సూత్రం మారింది. పట్టికలో గడి చేరలేదు.

బస్సు తగ్గితే ఏమవుతుందో మాకు ప్రత్యక్షానుభవం. స్తోమత వున్నవారు అప్పుచేసి మోటారుసైకిలు కొన్నారు. లేనివారు షేర్ ఆటోకు వేలాడారు. వాహనాలు పెరిగాయి కనుక రోడ్డు ఇరుకైందన్నారు. ఇరుకైంది కనుక వెడల్పు చేశారు. వెడల్పైంది కనుక వేగం పెరిగింది, కొత్త వాహనాలు వచ్చి చేరాయి. వెడల్పు చేసిన రోడ్డు తనకు తగిన రద్దీని తనే పుట్టించుకుంటుందన్నది రవాణాశాస్త్రంలో బాగా రుజువైన విషయం. ఇక వేగం సంగతి. సగటు వేగం నూటికి 1 వంతు పెరిగితే ప్రాణాంతకమైన ఢీల అవకాశం సుమారు 4 వంతులు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ లెక్కన మా పిల్లవాడి మరణానికి బీజం లారీ బయలుదేరిన రోజున కాదు, బస్సు నిలిచిపోయిన రోజున పడిందని చెప్పవలసి వుంటుంది.

బస్సు వున్నచోట కూడా చాలినన్ని లేకపోతే ఏమవుతుందో 2018 సెప్టెంబరు 11న కొండగట్టు చెప్పింది. జగిత్యాల జిల్లాలో ఆ ఘాట్ రోడ్డుమీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ వొక్క బస్సులో దాదాపు 100 మంది వున్నారు. ఆ రోజు మనవాళ్ళు రాసిన కవితల్లో లోయ వుంది, దేవుడున్నాడు, నెత్తుటి మడుగు వుంది. వంద మంది వొక్క బస్సులోనే ఎందుకు ఎక్కవలసివచ్చిందన్న ప్రశ్న వున్న కవిత నాకు కనిపించలేదు.

గాలి విషయం కూడా ఈ ప్రశ్నలోదే. మా బడి కిటికీలు రోడ్డు వైపున్నవి మూసే వుంచుతాం. 2.5 మైక్రాన్లకు మించని ధూళికణం ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఇవి 5 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 40. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు వచ్చాక కొత్త ఇంజన్ల పొగ బాగా తగ్గింది. ఇది మంచి మార్పు. కాని బ్రేకుల అరుగుదల, టైర్ల అరుగుదల, రోడ్డుమీద లేచే దుమ్ము ఇంజను మారితే పోవు. బ్యాటరీ కారు టైరు కూడా అరుగుతుంది. వాహనాల సంఖ్య తగ్గితేనే అవి తగ్గుతాయి. వాహనాల సంఖ్య తగ్గాలంటే బస్సు కావాలి. రోడ్డు మరణం పోలీసులదని, గాలి కాలుష్య మండలిదని, బస్సు ఆర్టీసీదని మనం వొకే ప్రశ్నను మూడు కార్యాలయాలకు పంచిపెట్టుకున్నాం.

ఇవి మొదటినుంచీ విడివిడిగా లేవని మన చరిత్రే చెబుతుంది. హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 1932లో 27 బస్సులతో మొదలైనప్పుడు రైలూ బస్సూ వొకే శాఖ కింద నడిచాయి. ఇవాళ హైదరాబాదు ప్రాంతంలో 2003లో వచ్చిన ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు వున్నాయి, 2017లో మొదలైన మెట్రో వుంది, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వుంది, ఆర్టీసీ వుంది. ఇన్నిటినీ వొక ప్రణాళికలోకి తేవడానికి 2008లో ఏకీకృత రవాణా ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. ఆలోచన సరైనదే. శంషాబాదు అవతలి పల్లెనుంచి నగరంలో పనికి వచ్చే ఆమెకు పంచాయతీ పొలిమేర, నగరపాలక సంస్థ పొలిమేర తెలియవు. ఇంటి గడపనుంచి పని గడపదాకా ఆమెది వొకే ప్రయాణం. ప్రాంతీయ ప్రణాళిక అంటే ఆ ప్రయాణాన్ని వొకటిగా చూడడం. కాని రోడ్డు వేసే డబ్బు వొకరి చేతిలో, బస్సు నడిపే భారం మరొకరి నెత్తిన వున్నంతవరకు ఏ సంస్థ పేరు పెట్టినా ఆ ప్రయాణం ముక్కలుగానే వుంటుంది.

లెక్కకు రాని ప్రయాణాలు ఎన్ని వున్నాయో తెలిపిన సంఘటన మరొకటి వుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సులు కిక్కిరిశాయి. సీట్ల కోసం ఆడవాళ్ళ తగాదాలంటూ ఎన్ని హాస్యోక్తులు వచ్చాయో చూశాం. మన రచయితల్లో కొందరూ నవ్వారు. ఛార్జీకి డబ్బులేక ఇన్నేళ్ళూ ఆగిపోయిన ఆసుపత్రి ప్రయాణం, పుట్టింటి ప్రయాణం, కూలి ప్రయాణం ఏ పట్టికలోనూ లేవని ఆ రద్దీ చెబుతున్నది. దానికి జవాబు నవ్వు కాదు, మరిన్ని బస్సులు.

జనానికి క్రమశిక్షణ లేదు, అదే అసలు కారణమని వాదించేవారున్నారు. హెల్మెట్ పెట్టుకోవాలి, తాగి నడపరాదు, ఎదురుదారిన రారాదు. ఇందులో వాదం లేదు. కాని మనిషి పొరపాటు చేస్తాడన్నది ప్రకృతి సత్యం. 1997లో స్వీడన్ పార్లమెంటు ఆమోదించిన రోడ్డు భద్రతా విధానానికి మూలసూత్రం ఇదే. మనిషి పొరపాటు పడినా ప్రాణం పోకుండా వుండేటట్టు రోడ్డునూ వేగాన్నీ అమర్చడం రోడ్డు కట్టేవారి బాధ్యత. పొరపాటుకు మరణశిక్ష వేసే రోడ్డును కట్టి, పొరపాటు చేసినవాడికి నీతి బోధించడం న్యాయం కాదు.

మరొక హెచ్చరిక మనవాళ్ళకు. రోడ్డు వద్దు, కాలిబాటే చాలునన్న పల్లెగీతాలు కూడా సత్యానికి దూరమే. మా వూరి గర్భిణి ఆసుపత్రికి సమయానికి చేరుతున్నది ఈ రోడ్డుమీదే. మా రైతు కూరగాయలు నగరానికి పోతున్నదీ దీనిమీదే. విధిని నిందించే కవితా, గతాన్ని కౌగలించుకునే కవితా రెండూ చేసే పని వొకటే. రోడ్డు ఎలా వుండాలన్న నిర్ణయంలో మనకు భాగం వుందన్న సంగతిని మరిపిస్తాయి.

నా గీతాన్ని గోడపత్రికనుంచి తీసివేశాను. కిందటి ఏడాది మా తొమ్మిదో తరగతి పిల్లలు వారం రోజులపాటు పొద్దున బడివేళకు రోడ్డు పక్కన కూర్చుని లెక్క రాశారు. కార్యాలయంలో చూసిన పట్టికనే గీయించి, చివర రెండు గడులు చేర్పించాను. వొకటి వాహనాల్లోని మనుషులకు, రెండోది రోడ్డు దాటిన మనుషులకు. ఆ పట్టికను గోడపత్రికలో నా గీతం వున్నచోటే అతికించాం. వొక ప్రతిని విజ్ఞప్తికి జతచేసి కార్యాలయానికి పంపాం. జవాబు ఇంకా రాలేదు. మళ్ళీ పంపుతాం.

రచయితలు, సాహిత్య విద్యార్థులు మీ ప్రాంతపు రవాణా ప్రణాళికను వొకసారి తెప్పించుకొని, నవలను చదివినంత శ్రద్ధగా చదవండి. అందులో పాత్రలెవరు, ఎవరిని పేరులేకుండా వదిలేశారు, ఎవరిని అడ్డుగా లెక్కించారు అని అడగండి. ఆ తరువాత రాసే కవితలో కన్నీరు తగ్గదు. ఎవరిని ఏమడగాలో మాత్రం తెలుస్తుంది.