బల్లమీద ధర్మపురి రైలు

ధర్మపురి నుండి మొరప్పూరుకు ఒకప్పుడు ఒక చిన్న రైలు నడిచేది. దాని పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. నేటి బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. అందులో ఇది సగం కూడా కాదు. 1876–78 నాటి ఘోరమైన కరువులో సేలం జిల్లా చాలా దెబ్బతిన్నది. ధాన్యం ఉన్నచోటి నుండి లేనిచోటికి చేర్చడానికి ఎద్దుబండ్లే దిక్కు. మేత లేక ఎద్దులే చనిపోతే బండ్లు లాగేదెవరు? అటువంటి దుస్థితి మళ్ళీ రాకూడదని వేసిన రైలుదారులలో ఇది ఒకటి. ధర్మపురి అప్పుడు సేలం జిల్లాలో భాగం. సుమారు పద్దెనిమిదిన్నర మైళ్ళ ఈ దారి 1906లో తెరుచుకున్నది. 1913లో హోసూరు వరకు సాగింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941లో, మూతపడింది.

1960ల చివర సేలం–బెంగుళూరు దారి ధర్మపురి మీదుగా వచ్చింది. పాలక్కోడు, మారండహళ్ళి, రాయకోట, కెలమంగలం, హోసూరు స్టేషన్లు ఈ దారిలోనివే. మొదట మీటరుగేజిగా ఉన్న ఈ దారి 1990లలో బ్రాడ్‌గేజిగా మారింది. కాని ఆ పాత చిన్నబండి ఎక్కినవారు ఈనాడు కనిపించడం చాలా అరుదు.

లేని రైలును మళ్ళీ కళ్ళముందు నిలపడానికి ఒక ఉపాయం ఉన్నది. అది నమూనా చేయడం.

రైలు నమూనాలు చేసేవారు ప్రపంచమంతటా ఉన్నారు. జర్మనీలోని హాంబర్గు నగరంలో 2001లో మొదలైన మినియేచర్ వుండర్‌లాండ్ అనే ప్రదర్శనశాల ఇందుకు పేరుపొందింది. మన దేశంలో పూణె నగరంలోని జోషీ చిన్నరైళ్ళ ప్రదర్శనశాలను 1998లో ప్రజలకోసం తెరిచారు. ఈ రెండుచోట్లా వాడే కొలత ఒక్కటే, 1:87. అసలు వస్తువులో 87 సెంటీమీటర్లు నమూనాలో ఒక సెంటీమీటరు అవుతుంది. అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువగా నిలబడతాడు.

ఈ కొలతలో ధర్మపురి రైలు చేయాలంటే మొదట లెక్క చూడాలి. 762ను 87తో భాగిస్తే దాదాపు 9 వస్తుంది. ఇంతకన్నా చిన్న కొలతలో చేసే రైళ్ళకోసం 9 మిల్లీమీటర్ల పట్టాలు తయారుగానే అమ్ముతారు. కాబట్టి పట్టాల చిక్కు తీరిపోతుంది. ఇంజను, పెట్టెలు కూడా డబ్బు ఉంటే కొనవచ్చు, ఓపిక ఉంటే అట్టతో చేసుకోవచ్చు. అసలు చిక్కు వాటి కింద, వాటి చుట్టూ ఉన్నది. విదేశీ దుకాణాలలో నమూనాలకోసం గడ్డి, చెట్లు, కొండరాళ్ళు పొట్లాలుగా దొరుకుతాయి. ఆ గడ్డి మంచుదేశాల పచ్చికలా పచ్చగా ఉంటుంది. ఆ చెట్లు సూదులవంటి ఆకులుగల పైన్ చెట్లు. వాటి మధ్య ధర్మపురి రైలును ఎంత చక్కగా నడిపినా ధర్మపురి పెద్దలెవరూ దానిని తమ ఊరు అనరు. రైలు పోయినా నేల పోలేదు. ఎర్రమన్ను, నల్లగా చారలుకట్టిన గుండ్లు, చింతచెట్లు, ఎండిన చెరువులు ఇప్పటికీ ఉన్నాయి. చూసి చేయడానికి అసలు వస్తువు ఎదుటే ఉన్నప్పుడు పొట్లాలు కొనడం ఎందుకు?

నిజానికి నవరాత్రులలో బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో పిల్లలకు ఈ పని కొత్తకాదు. మెట్ల పక్కన ఇసుక పరచి, రాగులో ఆవాలో మొలకెత్తించి పొలాలు చేస్తారు. అద్దం ముక్క పెట్టి చెరువు అంటారు. మట్టితో కొండ కట్టి గుడి నిలుపుతారు. నమూనా చేసేవారి పని కూడా ఇదే, కాని వారు కొలత తప్పరు. కొలువులో మూడు సెంటీమీటర్లు పెరిగిన రాగిమొలక 1:87 కొలతలో రెండున్నర మీటర్ల పైరు అవుతుంది. దాని పక్కన రెండు సెంటీమీటర్ల రైతును నిలబెడితే అతడు రాగిచేనులో కాదు, చెరకుతోటలో తప్పిపోయినట్లు ఉంటాడు.

మరొక లెక్క కూడా ఉన్నది. పద్దెనిమిదిన్నర మైళ్ళను 87తో భాగిస్తే సుమారు 340 మీటర్లు. ఏ బడిగదిలోనూ ఇది పట్టదు. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ పలకమీద పట్టేది అసలు దారిలో 212 మీటర్లే. అందువల్ల ఊరంతా పెట్టాలనే ఆశ వదులుకోవాలి. ఒక చిన్న స్టేషను కొస, ఒక చింతతోపు, వాగుమీద ఒక తూము, రాళ్ళను కోసి వేసిన ఒక వంపు చాలు. కొండలను బల్లమీద పెట్టడమూ కుదరదు. మూడువందల మీటర్ల కొండ ఈ కొలతలో మూడున్నర మీటర్లు ఉంటుంది. ఇంటి కప్పును దాటిపోతుంది. కొండలను వెనుక నిలిపే అట్టమీద చిత్రించాలి. దూరపు కొండకు, కంటికి మధ్య చాలా గాలి ఉంటుంది. ఆ గాలి వెలుతురును చెదరగొట్టడం వల్ల కొండ తన రంగు కోల్పోయి లేత నీలంగా, బూడిదగా కనబడుతుంది. కాబట్టి దగ్గరి కొండకు రంగు ఎక్కువ, దూరపు కొండకు తక్కువ. పచ్చరంగు ముద్దగా పూసిన కొండ అట్టలాగానే కనిపిస్తుంది.

కొత్తవారు తరచుగా చేసే తప్పు ఒకటి ఉన్నది. చదునైన బల్లమీద ముందు పట్టాలు బిగించి, తరువాత వాటి పక్కన గుట్టలు పేరుస్తారు. అప్పుడు రైలు ముందు పుట్టి, భూమి తరువాత పుట్టినట్లుంటుంది. నేల ముందు ఉన్నది. రైలుదారి వేసినవారు దానితో తలపడ్డారు. ఎత్తైనచోట నేలను కోశారు, పల్లమైనచోట కట్ట పోశారు. కోతలో తీసిన మన్ను కట్టకు వాడితే ఖర్చు తగ్గుతుంది. ఇరుకు పట్టాల దారి బిగువైన మలుపులు తిరగగలదు. అందువల్ల గుట్టను కోయకుండా దాని పక్కనుండి చుట్టి పోవచ్చు. డబ్బు తక్కువగా ఉన్నచోట్ల ఇటువంటి దారులు వేయడానికి ఇదే కారణం. నమూనాలో ఇది కనబడాలంటే కొన్నిచోట్ల నేల పట్టాలకన్నా కిందికి దిగాలి. థర్మోకోల్ పలకలు ఒకదానిమీద ఒకటి అంటించి, వాగు వచ్చేచోట చాకుతో లోతుగా కోయాలి.

పలకలమీద మైదాపిండి జిగురులో తడిపిన వార్తాపత్రిక ముక్కలను రెండు మూడు పొరలు అంటిస్తే నేల గట్టిపడుతుంది. జిగురు ఉడికేటప్పుడు పుస్తకాలు కుట్టేవారు చేసినట్లు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. అది విషం, పెద్దలు దగ్గర ఉండాలి, వంటపాత్ర వాడకూడదు, చేతులు బాగా కడుక్కోవాలి.

ఇక మన్ను. ఊరి మన్నే తేవాలి. దానిని ఎండలో ఆరబెట్టి, జల్లెడ పట్టి, మళ్ళీ పలుచని గుడ్డలో వస్త్రగాలితం చేయాలి. ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు ఈ కొలతలో తొమ్మిది సెంటీమీటర్ల రాయి అవుతుంది. దారిమీద అంతంత రాళ్ళు పరిస్తే బండి నడిచేదెట్లా? పట్టాల కింది కంకర సుమారు అయిదు సెంటీమీటర్ల ముక్కలు. నమూనాలో అది అర మిల్లీమీటరు పొడి. టీ వడపోతలో నిలిచినది పారవేసి, కిందికి దిగినది వాడుకోవాలి. జిగురు తగిలితే మన్ను రంగు ముదురుతుంది. అందుకే ముందుగా ఒక అట్టముక్కమీద వేసి, ఆరనిచ్చి చూడటం మంచిది.

కంకర అంటించడంలో ఒక కిటుకు ఉన్నది. పొడిని ఆరినదిగానే పట్టాల మధ్య పోసి, మెత్తని కుంచెతో సర్దుతారు. దానిమీద నేరుగా జిగురునీళ్ళు వేస్తే చుక్క ముత్యంలా గుండ్రంగా దొర్లి పొడిని చెదరగొడుతుంది. నీటికి తలతన్యత ఉండటమే దీనికి కారణం. ఒక గిన్నెడు నీటిలో రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపితే తలతన్యత తగ్గి నీరు పొడిలోకి ఇంకుతుంది. మొదట ఆ నీటితో తడిపి, తరువాత పలుచని తెల్లజిగురును చుక్కలు చుక్కలుగా వేస్తే ఒక్క రేణువు కూడా కదలదు.

రాళ్ళకు కొండపల్లి బొమ్మల పనివారి మక్కు బాగా పనికివస్తుంది. చింతపిక్కల పొడి, రంపపుపొట్టు కలిపి చేసే ఈ ముద్దతో వారు పొణికికర్ర ముక్కలను అతుకుతారు. చింతకు పేరుపడిన ధర్మపురిలో పిక్కలకు కొరత లేదు. ముద్దను గుండుగా చేసి, కొంచెం ఆరిన తరువాత చాకు మొనతో పగుళ్ళు గీయాలి. రంగు వేసేటప్పుడు మాత్రం రాతిని చూడకుండా వేయకూడదు. ఈ ప్రాంతపు రాయి లోపల బూడిదరంగు. పైన ఎండకు, వానకు గోధుమరంగు తిరుగుతుంది. వాననీరు జారినచోట నిలువుగా నల్లని చారలు పడతాయి. కోసిన రాయి గుండ్రంగా ఉండదు, పలుగుదెబ్బలకు అంచులు తేలి ఉంటుంది. అట్లా కోసిన రాళ్ళు ఊరకే ఉండవు కూడా. 2021 నవంబరులో తొప్పూరు, శివాడి స్టేషన్ల మధ్య వానలకు బండరాళ్ళు జారి పట్టాలమీద పడటంతో ఒక ఎక్స్‌ప్రెస్ పెట్టెలు పట్టాలు తప్పాయి. నమూనాలో కోత అడుగున రెండు మూడు రాలిన రాళ్ళు పెట్టేది అలంకారానికి కాదు.

చెట్లలో చింత కష్టమైనది. సన్నని రాగితీగలను పురిపెట్టి మాను చేసి, పైన విడదీసి కొమ్మలుగా, కొమ్మలను విడదీసి రెమ్మలుగా చేయాలి. మానుకు మక్కు పూయాలి. రెమ్మలకు రంగువేసిన రంపపుపొట్టును జిగురుతో చల్లాలి. పదిహేను మీటర్ల చింతచెట్టు ఇక్కడ పదిహేడు సెంటీమీటర్లు ఉంటుంది, వెడల్పు కూడా దాదాపు అంతే. పిల్లలు సాధారణంగా దానిని సగానికి తగ్గించి చేస్తారు. అప్పుడు స్టేషను పెద్దదై చెట్టు పొదలా మారుతుంది. తాటిచెట్టు సులభం: చీపురుపుల్లకు దారం చుట్టి, మడతపెట్టి కత్తిరించిన కాగితపు ఆకులు అంటిస్తే చాలు. రాగిపైరుకు గోనెనారను ఒక సెంటీమీటరు ముక్కలుగా, ఎండుగడ్డికి మూడు నాలుగు మిల్లీమీటర్లుగా కత్తిరించాలి.

చెరువుకు అద్దం వద్దు. వేసవి చెరువైతే బంకమన్ను పలుచగా కలిపి పోసి ఆరనిస్తే అదే నెర్రెలు విచ్చుతుంది. పొర మందంగా ఉంటే నెర్రెల మధ్య పెంకులు పెద్దవవుతాయి, పలుచనైతే చిన్నవవుతాయి. కాబట్టి కొలతకు తగిన నెర్రెలు కావాలంటే పొర గోరంత మందం కూడా ఉండకూడదు. నీరున్న చెరువైతే అడుగున ముదురు మట్టిరంగు వేసి, వార్నిష్‌ను పొరలు పొరలుగా పూయాలి. ఒక పొర పూర్తిగా ఆరకముందే మరొకటి వేస్తే అది మసకబారుతుంది.

ఇంతవరకు నేల తయారైంది. దానికి కాలం, వాడకం తోడవాలి. చక్రాలు తిరిగే పట్టాల పైభాగం మెరుస్తుంది, పక్కలు తుప్పు రంగులో ఉంటాయి. ఇంజను ఆగేచోట పట్టాల మధ్య నూనె, బొగ్గుబూడిద పడి నల్లబడుతుంది. నీళ్ళతొట్టి కింద తెల్లని మరక, పాచి ఉంటాయి. సున్నం వేసిన గోడకు అడుగున జానెడెత్తు ఎర్రమన్ను చిమ్మి ఉంటుంది. ధర్మపురిలో ఒక్క వాన కురిస్తే ఏ గోడనైనా చూడవచ్చు. మీటరు దూరం నుండి నమూనాను చూడటం 87 మీటర్ల దూరం నుండి ఊరిని చూడటంతో సమానం. అందుకే ప్రతి రంగులోనూ కొంచెం బూడిదరంగు కలపాలి.

వెలుతురు సంగతి చాలామంది మరచిపోతారు. హాంబర్గు ప్రదర్శనశాలలో పావుగంటకొకసారి రాత్రి పడి, వేలాది చిన్న దీపాలు వెలుగుతాయి. బడిలో అంత ఏర్పాటు అక్కరలేదు. ఒకే దీపం, ఒకే వైపు నుండి, ఏటవాలుగా ఉంటే చాలు. చింతచెట్టు నీడ నేలమీద పొడవుగా పడుతుంది. అయితే వెనుక అట్టమీది కొండల నీడలు కూడా అదేవైపుకు పడేటట్లు వేసి ఉండాలి. లేకపోతే ఆ ఊరికి ఇద్దరు సూర్యులు!

మనుషులను పెట్టేటప్పుడు పరుగెత్తేవారిని పెట్టకూడదు. వారు ఎన్నటికీ అడుగు వేయరు కనుక ఒక్క నిమిషంలోనే చూసేవారికి అది బొమ్మ అని తెలిసిపోతుంది. మూటలు పక్కన పెట్టుకొని నేలమీద కూర్చున్న ఆడవాళ్ళు, చెట్టుకింద విప్పిన ఎద్దుబండి, గోడకు ఆనుకున్న ముసలాయన ఎంతసేపు కదలకపోయినా ఎవరికీ అనుమానం రాదు. పాత రోజులలో రైలుకోసం కాచుకోవడం అంటే అదే.

రైలును అన్నిటికన్నా చివర పట్టాలమీద పెడతారు. కొత్త పెట్టెలు మరీ తళతళలాడితే, గుడ్డలో మన్ను వడపోసినప్పుడు చివరగా దిగిన ఎర్రదుమ్మును మెత్తని కుంచెతో తీసుకొని చక్రాలకు, పెట్టెల కింది అంచులకు అద్దుతారు.