ఎన్నో స్థానం, ఎంత దారి?

మోటారు పందెం అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది ఫార్ములా వన్. 2011 నుంచి 2013 వరకు గ్రేటర్ నోయిడాలో జరిగిన మూడు పందేలూ వెటెలే గెలిచాడు. కార్లన్నీ ఒకే ట్రాక్ మీద తిరుగుతాయి. ఎవరు ముందున్నారో కళ్లెదుటే కనిపిస్తుంది. అదే దాని ఆకర్షణ.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. అవి విద్యుత్ కార్లు, ఇంజను హోరు ఉండదు. బ్యాటరీని చివరి చుట్టుదాకా సర్దుకుంటూ వేగంగా నడపాలి. నెల జీతంతో ఇల్లు నడిపేవారికి ఆ నేర్పు వేరే చెప్పనక్కర్లేదు.

ర్యాలీ తీరు వేరు. బండ్లు కొంత ఎడంతో ఒక్కొక్కటే బయలుదేరుతాయి. పోటీ దారితోను, గడియారంతోను. కారులో అయితే దారి చెప్పేవారు పక్కనుంటారు. మోటారుసైకిలు మీద దారి కూడా తానే చూసుకోవాలి. చూసేవారికి మిగిలేది దుమ్మే! అయినా నా ఓటు దానికే.

కారణం మన బెంగళూరువాడే. డకార్ ర్యాలీని మోటారుసైకిలుపై పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్. 2015లో అర్జెంటీనా, చిలీ, బొలీవియాల మీదుగా రెండు వారాలు సాగిన ఆ పోటీలో ఆయనది 36వ స్థానం. 2021లో సౌదీ అరేబియాలో అదే ర్యాలీలో పడి, తలకు తీవ్రగాయమై, ప్రాణాపాయం నుంచి బయటపడ్డాడు.

"ముప్పై ఆరేనా?" అని మా ఇంట్లో పిల్లవాడు పెదవి విరిచాడు. తప్పు వాడిది కాదు. మార్కుల పట్టీ చేతికి రాగానే ముందు ర్యాంకు వెతికేది మేమే కదా!