గోరుచుట్టు

జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారము మండలమున వరినాట్లు సాగు దినములలో నాటు వేయు స్త్రీల చేతులు, కాళ్ళు ప్రొద్దస్తమానము బురదనీటిలో నానుచుండును. వేళ్ళ సందులు తెల్లగా నాని ఒరసిపోవుట అందరెరిగినదే. అంతకన్న బాధించునది గోరుచుట్టు.

గోటి మొదట సన్నని చర్మపు అంచు గోటినంటి యుండును. గోటికిని చర్మమునకును నడుమనున్న సందుకు మూత అదియే. నాని అది ఊడినచో సూక్ష్మజీవులు లోనికి పోవును. స్టెఫిలోకాకస్ అను బాక్టీరియా చేరిన యెడల కొద్ది దినములలోనే వ్రేలు వాచి, సలిపి, చీము పట్టును. మరియొక విధపు గోరుచుట్టు మెల్లగా వచ్చి 6 వారములు దాటినను మానదు. గోటిమీద అడ్డముగా గాళ్ళు పడును. దీనికి మూలము నిత్యము తడిలో నుండుటయే; కాండిడా అను శిలీంధ్రము తరచు తోడగును. అందుచేత ఎన్ని మందులు పూసినను చేయి పొడిగా నుండనిదే తగ్గదు.

వ్రేలికి నిమ్మకాయ తొడుగుట మన ఇండ్లలో వాడుక. పులుపు చీమును వెలికి తీయజాలదు, చిట్లిన చర్మమును మండించును. చీము పట్టినచో వైద్యుడు శుభ్రమైన పనిముట్టుతో దానిని తీయవలెను. పుండు పడినను నొప్పి తెలియకున్న మరింత జాగ్రత్త అవసరము: మధుమేహముగాని కుష్ఠుగాని నరములను చెరచి యుండవచ్చును.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగును. ఆషాఢమున ఊడిన గోరు సంక్రాంతికి గాని పూర్తిగా రాదు.