పైనున్న మంచు దులపండి, కిందున్న మంచు వదిలేయండి: మంచు పడే చోట లేత మొక్కలు, టన్నెళ్ల రక్షణ

మన వీడియోలు చూసే వాళ్లలో న్యూజెర్సీ, మిచిగాన్, షికాగో వైపు స్థిరపడిన మన తెలుగు వాళ్లు కూడా ఉన్నారు. వేసవిలో గోంగూర, బెండ, సొర పాదులు చూపించి మురిసిపోతారు. నవంబరు వచ్చేసరికి ఒకటే ప్రశ్న: "మంచు పడితే పెరట్లో ఏం మిగులుతుంది? ప్లాస్టిక్ టన్నెల్ వేశాం, అది నిలుస్తుందా?" న్యూజెర్సీలో ఉన్న మా అక్క కూడా అదే అడిగింది. ఆవిడ పెరట్లో తీసిన వీడియో పైన ఉంది. అందులో చూపించిన పనుల వెనక కారణాలు ఇక్కడ రాస్తున్నాను. కారణం తెలిస్తే ఏ ఊళ్లోనైనా, ఏ మొక్కకైనా మీరే నిర్ణయం తీసుకోవచ్చు.

ముందు మాట దగ్గరే తేడా ఉంది

మనం అన్నిటినీ 'మంచు' అనేస్తాం. తెల్లవారుజామున రోడ్డు కనపడకుండా చేసేది పొగమంచు. ఆకుల మీద, గడ్డి మీద తెల్లగా పేరుకుని గడ్డకట్టేది ఇంకో రకం. ఆకాశం నుంచి దూదిలా రాలి అడుగుల కొద్దీ పేరుకునేది మూడోది. ఈ వ్యాసం మూడో దాని గురించి.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఈ మంచు చల్లదనంతో మొక్కను చంపేస్తుందని అనుకుంటారు. నిజానికి అది ఎక్కువ నష్టం చేసేది బరువుతో. చలి విషయంలో అది నేలకి దుప్పటి. అప్పుడే పడిన మంచులో ఎక్కువ భాగం గాలే. ఆ గాలి లోపల చిక్కుకుని ఉంటుంది కాబట్టి నేలలో వేడి తొందరగా బయటికి పోదు. నేల లోతుగా గడ్డకట్టక ముందే అడుగు మందం మంచు పడితే, పైన గాలి మైనస్ 15 డిగ్రీలున్నా కింద నేల సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది.

సుభాష్ పాలేకర్ గారి నాలుగు సూత్రాల్లో ఆచ్ఛాదన ఒకటి కదా. మన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలో కూడా 365 రోజులూ నేల కప్పి ఉండాలంటారు. మంచు దేశాల్లో చలికాలపు ఆచ్ఛాదన కొంత ఆకాశమే వేసి వెళ్తుంది. అందుకే సూత్రం ఒక్క ముక్కలో చెప్తాను: తల మీదున్న మంచు దులపాలి, పాదాల దగ్గరున్న మంచు వదిలేయాలి.

బరువు ఎంతో లెక్క వేద్దాం

లెక్క చాలా సులువు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే ఒక లీటరు, అంటే ఒక కిలో. పొడి మంచు 10 సెంటీమీటర్లు కరిగితే సుమారు 10 మిల్లీమీటర్ల నీళ్లు వస్తాయి. తడి మంచు అయితే దానికి రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఇప్పుడు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న చిన్న గ్రీన్‌హౌస్ తీసుకోండి. అది దాదాపు 18.6 చదరపు మీటర్లు. దాని మీద అడుగు మందం పొడి మంచు పూర్తిగా నిలిస్తే దాదాపు 550 కిలోలు. అదే తడి మంచు అయితే 1,100 కిలోలు. అంటే 50 కిలోల బియ్యం బస్తాలు 22 తెచ్చి ఆ ప్లాస్టిక్ మీద పెట్టినట్టు. ఆ తర్వాత వాన పడితే ఇంకా ప్రమాదం. మంచు స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది, బరువు గంటల్లో పెరిగిపోతుంది.

అడుగు మంచు ఎక్కడ పడుతుందిలే అనుకోకండి. 2016 జనవరి చివర్లో వచ్చిన మంచు తుఫానులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు పడింది. అంటే రెండడుగుల పైనే. సన్నటి పీవీసీ పైపులతో చేసిన టన్నెల్ అంత బరువు మోయలేదు. పైగా చలికి పీవీసీ పెళుసుగా తయారవుతుంది.

టన్నెల్, గ్రీన్‌హౌస్: మంచు పడకముందు చేయాల్సినవి

మొదటిది, ఆకారం. చదునుగా ఉన్న పైకప్పు మీద మంచు నిలుస్తుంది, వాలుగా ఉంటే జారుతుంది. మన పెంకుటిళ్ల కప్పు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. కొత్తగా కట్టుకునేవాళ్లు అర్ధచంద్రాకారం కన్నా పైన మొన తేలిన కమాను ఎంచుకోండి.

రెండోది, నడుమ గుంజలు. కప్పు నడిమధ్యన పొడుగూతా ఒక దూలం పెట్టి, దాని కింద నాలుగైదు అడుగులకో గుంజ నిలబెట్టండి. గుంజ కింద చెక్క ముక్క వేయాలి, లేకపోతే మెత్తటి నేలలో దిగిపోతుంది. ఇవి చలికాలానికి మాత్రమే, వసంతంలో తీసేయొచ్చు. చిన్న టన్నెల్ అయితే కమానుల మధ్య దూరం నాలుగడుగుల నుంచి రెండడుగులకి తగ్గించండి.

మూడోది, ప్లాస్టిక్ బిగుతు. వదులుగా ఉన్న చోట మంచు గుంటకట్టి నిలుస్తుంది. కరిగిన నీళ్లు అక్కడే చేరతాయి. షేడ్‌నెట్ గానీ పక్షుల వల గానీ పైన ఉంటే చలికాలానికి ముందే తీసి చుట్టేయండి. వల మీద మంచు జారదు, పట్టుకుని కూర్చుంటుంది.

నాలుగోది, లోపల హీటర్ ఉన్నవాళ్లు మంచు మొదలయ్యే ముందే వేయండి. ప్లాస్టిక్ వెచ్చగా ఉంటే మొదటి పొర కరిగి జారిపోతుంది. మందంగా పేరుకున్నాక వేస్తే పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే ఆ మంచే దుప్పటిలా అడ్డుపడుతుంది.

మంచు పడుతున్నప్పుడు

పూర్తిగా ఆగేదాకా చూడకండి. మూడు నాలుగు అంగుళాలు పేరుకోగానే ఒకసారి దులపండి. మెత్తటి చీపురుకి పాత గుడ్డ చుట్టి నెమ్మదిగా లాగండి. పార వాడొద్దు, ప్లాస్టిక్ చిరుగుతుంది. వేడినీళ్లు కూడా పోయొద్దు, అవి చల్లారి గడ్డకట్టి బరువు ఇంకా పెంచుతాయి.

రెండు వైపులా సమానంగా దులపడం ముఖ్యం. ఒక పక్క ఖాళీ చేసి రెండో పక్క వదిలేస్తే ఫ్రేము ఒరిగిపోతుంది. కిందికి జారిన మంచు పక్కగోడల దగ్గర గుట్టపడితే అది కూడా తీయాలి. ఆ గుట్ట గోడని లోపలికి నెడుతుంది, పైనుంచి వచ్చే మంచుకి చోటు లేకుండా చేస్తుంది.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి: కమానులు వంగినట్టు కనిపిస్తే, కిర్రుమని చప్పుడొస్తే లోపలికి వెళ్లొద్దు. లోపలున్న మొక్క మనిషి ప్రాణం కన్నా ఎక్కువ కాదు. ఇక కూలిపోతుందనే పరిస్థితి వస్తే, బయట నిలబడి ప్లాస్టిక్ కోసేయడమే మేలు అని పెద్ద గ్రీన్‌హౌసుల వాళ్లకి చెప్తుంటారు. మంచు లోపల పడుతుంది, ప్లాస్టిక్ పోతుంది, కానీ ఫ్రేము మిగులుతుంది. ప్లాస్టిక్ మళ్లీ కొనుక్కోవచ్చు.

మొక్కలు, చెట్లు

కొమ్మ విరిగేది ఎక్కువగా ఆకు మీదున్నప్పుడు. ఆకు రాలిన కొమ్మ మీద మంచు అంత నిలవదు. 2011 అక్టోబరు చివర్లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మంచు ముందుగా పడింది. అప్పటికి చెట్లకి ఆకులున్నాయి. ఆ బరువుకి కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడి లక్షల ఇళ్లకి కరెంటు పోయింది. మన కాశ్మీర్‌లో కూడా 2018, 2019 నవంబరు నెలల్లో ఇలాగే తొందరగా పడిన మంచుకి ఆపిల్ తోటలు బాగా దెబ్బతిన్నాయి. ఏళ్ల తరబడి పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో చీలిపోవడం అంటే ఆ రైతుకి ఏమిటో మనకి చెప్పక్కర్లేదు. కాబట్టి తొలి మంచు సూచన రాగానే ఆకులున్న చెట్లనే ముందు చూసుకోండి.

నిటారుగా పెరిగే పొదలని పాత నూలు చీర పీలికలతో కింది నుంచి పైకి మెలికలు తిప్పుతూ వదులుగా కట్టండి. కొమ్మలు ఒకదానికొకటి ఆసరా అవుతాయి. సన్నటి తీగ వాడితే బెరడు కోసుకుపోతుంది.

కొమ్మలు చాచిన మొక్కకి జపాన్ వాళ్ల పద్ధతి బాగుంటుంది. కనజావా ఊళ్లోని కెన్రొకుయెన్ తోటలో ఏటా నవంబరు 1 నుంచి పెద్ద పైన్ చెట్లకి ఈ ఏర్పాటు మొదలుపెడతారు. చెట్టు పక్కన పొడవైన గడ నిలబెట్టి, దాని కొస నుంచి ఒక్కో కొమ్మకి తాడు దించి కడతారు. విప్పిన గొడుగు చువ్వల్లా కనిపిస్తుంది. మీ పెరట్లో చిన్న పండ్ల మొక్కకి ఒక వెదురు గడ, నాలుగు తాళ్లు చాలు.

ఇంటి చూరు కింద ఉన్న మొక్కలకి ఇంకో ముప్పుంది. కప్పు మీద పేరుకున్న మంచు ఒకేసారి ధబ్బున జారి పడుతుంది. వాటి మీద రెండు చెక్క పలకలు గుడిసెలా ఆనించి పెట్టండి.

కొమ్మ మీద మంచు పేరుకుంటే చీపురుతో కింది నుంచి పైకి మెల్లగా ఎత్తుతూ దులపండి. పైనుంచి కొడితే వంగిన కొమ్మ ఇంకా వంగి విరుగుతుంది. మంచు కాకుండా గాజులా గడ్డ పట్టి ఉంటే మాత్రం అసలు ముట్టుకోకండి. ఎండకి కరిగిపోనివ్వండి.

మన మొక్కల సంగతి

కరివేపాకు, మల్లె, మునగ వేడి దేశపు మొక్కలు. వీటిని కప్పి కాపాడదామనే ఆశ పెట్టుకోవద్దు. కుండీల్లో పెంచండి, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగకముందే ఇంట్లోకి తెచ్చుకోండి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి, నీళ్లు తగ్గించండి. కరివేపాకు ఆకులు రాల్చితే చచ్చిపోయిందని పారేయకండి. కాండం గోటితో కొద్దిగా గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే వసంతంలో చిగురిస్తుంది.

గోంగూర, బెండ, సొరకి చలికాలంలో రక్షణ వద్దు, విత్తనం దాచుకోండి, చాలు.

అంజీర్‌ని నేలలోనే కాపాడుకోవచ్చు. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని ఇది. ఆకు రాలాక కొమ్మలు దగ్గరికి కట్టి, చుట్టూ గోనె పట్టా చుట్టి, లోపల ఎండుటాకులు కూరతారు. వాన లోపలికి దిగకుండా పైన బకెట్టు బోర్లిస్తారు. గోనె బదులు ప్లాస్టిక్ నేరుగా చుట్టకండి. పగలు ఎండకి లోపల వేడెక్కుతుంది, తేమ చేరుతుంది, రాత్రి గడ్డకడుతుంది.

పాలకూర చిన్న టన్నెల్ కింద చలికాలం దాటేస్తుంది. చలికి ఆకులో చక్కెర పెరిగి రుచి కూడా బాగుంటుంది. వెల్లుల్లి అక్టోబరులో నాటి, నేల చల్లబడ్డాక నాలుగైదు అంగుళాల ఎండుటాకులు గానీ గడ్డి గానీ పరవండి. ఇక్కడే ఆచ్ఛాదన విలువ తెలుస్తుంది. నేల పగలు కరిగి రాత్రి గడ్డకడుతూ ఉంటే మట్టి ఉబ్బి వెల్లుల్లి పాయని పైకి నెట్టేస్తుంది, వేళ్లు తెగుతాయి. ఆకుల పొర, దాని మీద మంచు పొర ఉంటే ఆ ఒడిదుడుకులు తగ్గుతాయి. అందుకే మడుల మీది మంచు ఊడ్చేయొద్దు.

ఒక్క జాగ్రత్త. దారి మీద ఉప్పు చల్లి తీసిన మంచుని మడుల్లో పోయకండి. ఆ ఉప్పు కరిగి నేలలోకి దిగితే వానపాములకీ, సూక్ష్మజీవులకీ, వేళ్లకీ చేటు. మడుల పక్కన దారికి ఉప్పు బదులు ఇసుక చల్లుకోండి. జీవామృతం కూడా గడ్డకట్టిన నేల మీద పోస్తే వృథా, ఆ చలిలో సూక్ష్మజీవులు పెద్దగా పనిచేయవు. నేల వెచ్చగా ఉన్నప్పుడే, శరదృతువు మొదట్లోనో వసంతంలోనో పోయండి.

ఇక్కడున్న మనకి ఏం పనికొస్తుంది?

లంబసింగి, చింతపల్లి వైపు రైతులకి ఈ బరువు సమస్య లేదు. అక్కడ ఇబ్బంది ఆకు మీద గడ్డకట్టే మంచుతో. మబ్బు, గాలి లేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోయినప్పుడు అది వస్తుంది. కాబట్టి సాయంత్రమే నారుమడి మీద గుడ్డ గానీ గడ్డి చాప గానీ నేలని తాకేలా కప్పి, ఎండ రాగానే తీసేయాలి. కప్పేది ఆకుకి తగలకుండా పుల్లల మీద నిలపాలి.

ఇక బరువు లెక్క అందరికీ పనికొస్తుంది. వానాకాలంలో పాలీహౌస్ ప్లాస్టిక్ వదులై ఒక చదరపు మీటరు మేర 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే అక్కడే 100 కిలోలు. వాలు, బిగుతు, గుంజ: మంచుకైనా వానకైనా మందు ఇవే.

వీడియోలో గుంజలు నిలబెట్టడం, అంజీర్ చుట్టడం మా అక్క చేసి చూపించింది, ఒకసారి చూడండి. మీ దగ్గర ఎంత మంచు పడుతుంది, ఏ మొక్కని ఎలా దాటించారు అన్నది కింద రాయండి. మీ అనుభవం ఇంకొకరి చెట్టుని నిలబెడుతుంది. ఉంటాను.